ఊరి లెక్క మనమే తీద్దాం

(రైతు సంఘం గ్రామ సర్వే కార్యకర్తల శిక్షణ తరగతిలో సర్వే బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాం. కొన్నేళ్ల కిందట గాలివానకు కోతకొచ్చిన వరి పడిపోయినప్పుడు వినతిపత్రం పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాం. "వేలాది ఎకరాల్లో పంట పోయింది, కౌలు రైతులు తీవ్రంగా నష్టపోయారు, ఆదుకోవాలి" అని రాశాం. అక్కడి అధికారి విసుక్కోలేదు, కోప్పడలేదు. కాగితం చదివి మూడు ప్రశ్నలు వేశారు. ఏ ఊరు? ఏ సర్వే నంబరు? ఎంతమంది? మా దగ్గర జవాబు లేదు. ఆయన ముందున్న కంప్యూటర్‌లో మాత్రం ఊరు, సర్వే నంబరు, రైతు పేరు అన్నీ ఉన్నాయి. అందులో కౌలుదారుల పేర్లు చాలావరకు లేవని మాకు తెలుసు. లేవని చూపించే జాబితా మన దగ్గర లేదు. టీ తాగి తిరిగొచ్చాం.

ఆ రోజు నుంచి మాలో ఒక చర్చ నడుస్తోంది. ధర్నా చేయడం మనకు వచ్చు. లెక్క తీయడం మనకు రాదా? అడంగల్ కరణం చేతిలో ఉన్న రోజుల్లో ఆ పుస్తకం చూడాలంటే ఆయన గుమ్మం దగ్గర నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పుస్తకం కంప్యూటర్‌లోకి వెళ్లింది. అయితే అలాంటి లెక్కలు కట్టే పరికరం ఈ రోజు మన జేబులోనూ ఉంది. ఈ శిక్షణ తరగతి పెట్టింది అందుకే.

సర్కారు కంప్యూటర్‌కు మన గురించి ఏం తెలుసో ముందు చూద్దాం. వెబ్‌ల్యాండ్‌లో భూమి ఎవరి పేరున ఉందో ఉంటుంది. ఈ-పంటలో ఆ భూమిలో ఈ సీజన్‌లో ఏ పంట ఉందో ఉంటుంది. వ్యవసాయ సహాయకుడు పొలానికి వచ్చి ఫోటో తీసి ఎక్కిస్తాడు, రైతు వేలిముద్ర వేస్తాడు. ధాన్యం అమ్మాలన్నా, పంటల బీమా రావాలన్నా, నష్టపరిహారం రావాలన్నా ఆ నమోదే ఆధారం. ఇప్పుడు వీటికి తోడు రైతుకు ఆధార్ లాంటి 11 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. రైతుల రిజిస్ట్రీ, పంటల డిజిటల్ సర్వే, ఊళ్ల మ్యాపులు, అన్నీ ఒకదానికొకటి ముడిపెట్టడం దీని పని.

ఇది చెడ్డదని మేము అనడం లేదు. దళారీ పేరు మీద ధాన్యం అమ్ముడుపోకుండా ఈ-పంట కొంత అడ్డం పడింది. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి ముప్పై ఏళ్ల వాన లెక్కలు కంప్యూటర్‌తో విశ్లేషించి, వేరుశనగ ఎప్పుడు విత్తాలో 175 మంది రైతులకు ఫోన్‌లో తెలుగు సందేశాలు పంపాయి. ఆ సలహా విన్నవాళ్లకు దిగుబడి సుమారు 30 శాతం ఎక్కువ వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. యంత్రంతో మనకు పేచీ లేదు. యంత్రంలోకి ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కలేదన్నదే పేచీ.

ఎక్కనివాళ్లలో మొదటివాడు కౌలు రైతు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలకు కార్డు ఇస్తారు. యజమాని సంతకం పెడితేనే ఇస్తారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడాది చేను ఇవ్వడేమోనని కౌలుదారు భయం. ఈ రెండు భయాల మధ్య చాలా ఊళ్లలో కార్డు పుట్టడం లేదు. 2019 సంవత్సరానికి జాతీయ నమూనా సర్వే చూడండి. దేశంలో కౌలు భూమి ఉన్న కమతాలు 17.3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం అని తేలింది. ఆ సర్వేలోనే మన రాష్ట్రంలో రైతు కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయని, సగటు అప్పు 2 లక్షల 45 వేల రూపాయలని వచ్చింది. దేశం మొత్తంలో అదే ఎక్కువ. ఆ అంకెలను మనం ప్రతి సభలోనూ చెబుతున్నాం. ఎవరో ఇంటికెళ్లి అడిగారు కాబట్టే చెప్పగలుగుతున్నాం. భూమి కాగితాల ఆధారంగా నడిచే జాబితాలో ఈ సంగతి కనపడదు.

రెండోది, ఏజెన్సీ భూములు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర, జాతాపు రైతులకు 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలున్నాయి, రానివీ ఉన్నాయి. పోడులో ఒకే చోట కందులు, చోళ్లు, సామలు కలిసి ఉంటాయి. "ఈ సర్వే నంబరులో ఏ పంట?" అని అడిగే ఫారానికి ఆ చేను ఒదగదు. మూడోది ఆడవాళ్లు. మగవాళ్లు చెన్నై, హైదరాబాద్, విజయవాడ పనులకు పోతే సాగు చేస్తున్నది ఎవరో మనందరికీ తెలుసు. పోయిన ఖరీఫ్ నూర్పుల తర్వాత రెండు ఊళ్లలో ఫారం వేసి చూస్తున్నప్పుడు ఒక తల్లి మమ్మల్నే అడిగింది: "కాగితం ఆయన పేర ఉంది బావూ. ఆకుమడి నేను పోశాను, ఉభాలు నేనేయించాను, ఎరువు నేను మోశాను. రైతని ఎవర్ని రాస్తావు?" మా ఫారంలో రైతు పేరుకు ఒక్క గడే ఉంది. ఇప్పుడు రెండు పెట్టాం. పట్టా ఎవరిది, సాగు ఎవరిది.

రికార్డులో రాసిన మాట ఎంత పని చేస్తుందో మన జిల్లాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సోంపేట బీల చేపలకు, పశువులకు, చుట్టూ ఉన్న వరికి ఆధారం. థర్మల్ ప్లాంటుకు భూమి ఇచ్చేటప్పుడు కాగితాల్లో అది పనికిరాని భూమి. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అక్కడి జనం బీలలో ఏముందో, దాని మీద ఎవరు బతుకుతున్నారో చూపించగలిగారు. అందుకు వాళ్లు ఎంత మూల్యం చెల్లించారో మనకు తెలుసు.

ఇక పంట కోత ప్రయోగం గురించి కొంచెం నిదానంగా చెబుతాం. బీమా డబ్బు వస్తుందా రాదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది, మనలో చాలామంది దీన్ని దగ్గరుండి చూడలేదు. వరికి మన రాష్ట్రంలో బీమా యూనిట్ గ్రామం. ఊరికి కనీసం నాలుగు చోట్ల కోత కోయాలి. ఎక్కడ కోయాలో మనిషి ఇష్టం కాదు, చీటీ తీసినట్టు సర్వే నంబరు పడుతుంది. ఆ మడిలో నైరుతి మూల నుంచి ఇన్ని అడుగులు పొడవు, ఇన్ని అడుగులు వెడల్పు అని లెక్క వేసి, అక్కడ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడి కట్టి, కోసి, నూర్చి, తూచి, ఫోన్ యాప్‌లో ఎక్కిస్తారు.

ఆ గడి 25 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే గడిలో పండిన ధాన్యాన్ని సుమారు 162తో గుణిస్తే ఎకరం దిగుబడి. గడిలో పది కిలోలు వస్తే ఎకరానికి 1,620 కిలోలు, మన 80 కిలోల బస్తాలో దాదాపు ఇరవై బస్తాలు. ఇప్పుడు అర కిలో సంగతి చూడండి. అర కిలోను 162తో గుణిస్తే 81. నాలుగు గడుల్లోనూ అర కిలో చొప్పున ఎక్కువ పడితే ఊరి దిగుబడి ఎకరానికి ఒక బస్తా పెరిగినట్టే. తాడు కొంచెం వదులుగా కట్టినా, గీత మీద ఉన్న దుబ్బులు లోపలికి కలిపినా, తడి గింజ తూచి ఆరిన బరువు సరిగా లెక్క కట్టకపోయినా ఆ అర కిలో వచ్చేస్తుంది. నాలుగు గడులూ కలిపితే వంద చదరపు మీటర్లు, రెండున్నర సెంట్లు. ఊరి బీమా అంతా ఆ రెండున్నర సెంట్ల మీద నిలబడి ఉంది.

ఈ పద్ధతే తప్పని అనకండి. మన దేశంలో దీన్ని మహలనోబిస్, సుఖాత్మే వంటి పెద్ద గణాంకవేత్తలు 1930, 40లలో పొలాల్లో తిరిగి తయారు చేశారు. గడి ఎంత ఉండాలని వాళ్లిద్దరి మధ్య పెద్ద వాదమే నడిచింది. గడి చిన్నదైతే అంచు దుబ్బులు కలిసి దిగుబడి ఎక్కువ కనపడుతుందని సుఖాత్మే వాదన. అంచు దుబ్బు తగాదా కొత్తది కాదని చెప్పడానికే ఇది చెబుతున్నాం. పద్ధతికి బలం చీటీలో ఉంది. చీటీ పడిన మడి దూరమని రోడ్డు పక్క మడిలో కోస్తే ఆ బలం పోయినట్టే. బీమాకు హామీ దిగుబడి అంటే గత ఏడేళ్లలో బాగా పండిన ఐదేళ్ల సగటులో ఒక వంతు. ఊరి దిగుబడి దానికన్నా తగ్గితేనే పరిహారం. కాబట్టి కోత రోజు మన మనిషి ఒకరు టేపు పట్టుకుని అక్కడ ఉండాలి. గొడవకు కాదు. గడి కొలత, తడి బరువు, ఆరిన బరువు, తేదీ, ఫోటో మన ఫోన్‌లో కూడా ఎక్కాలి.

2023 ఖరీఫ్ నుంచి వరికి, గోధుమకు దిగుబడి అంచనాలో కనీసం 30 శాతం బరువు ఉపగ్రహం వంటి సాంకేతిక పద్ధతులకు ఇవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఉపగ్రహం లంచం తీసుకోదు, నిజమే. దానికీ కళ్లు ఆనని చోట్లున్నాయి. వ్యవసాయానికి ఎక్కువగా వాడే సెంటినెల్-2 ఉపగ్రహం ఐదు రోజులకోసారి ఫోటో తీస్తుంది. దాని ఫోటోలో ఒక చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అది కూడా రెండున్నర సెంట్లే. పెద్ద పెద్ద కమతాల మీద ఇది బాగా పనిచేస్తుంది. మన దగ్గర ఐదు సెంట్ల మడి ఉంటుంది, నాలుగు వైపులా గట్టు, గట్టు మీద తాటిచెట్లు. ఆ చుక్కలో సగం వరి, సగం తాటిచెట్టు నీడ. పైగా ఖరీఫ్‌లో మబ్బు. మబ్బులోంచి చూసే రాడార్ ఉపగ్రహాలున్నాయి, నీళ్లు నిలిచిన మడిని అవి బాగానే గుర్తుపడతాయి. గింజ పాలు పోసుకునే వేళ వాన కొట్టి తాలు పడితే పైనుంచి అది పచ్చటి చేనులాగే కనపడుతుంది. నేల మీద తీసిన నిజమైన లెక్కతో సరిచూస్తేనే ఉపగ్రహం లెక్కకు విలువ. ఆ నేల లెక్క తీసేవాళ్లలో రైతు కూడా ఉండాలని మనం అడుగుతున్నాం.

2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం చూసినవాళ్లకు ఇంకొకటి తెలుసు. కూలిన కొబ్బరిచెట్టును లెక్కపెట్టడం సులువు. నిలబడే ఉండి మొవ్వు మెలితిరిగిన చెట్టు మాటేమిటి? అది కాపు మానేసి నెలల తర్వాత చస్తుంది. మళ్లీ పెట్టిన మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. ఫారంలో "కూలినవి" అన్న గడి ఒక్కటే ఉంటే ఆ చెట్లు ఎక్కడికీ ఎక్కవు. మా మొదటి ఫారం కూడా ఇలాగే ఉంది సుమా. ఒక తోటకు ఒక పంట అని పెట్టాం. ఉద్దానం తోటలో కొబ్బరి కింద జీడి, పక్కన పనస, మధ్యలో అరటి. మొదటి ఇంట్లోనే ఫారం ఆగిపోయింది.

ఇక మన పని. మనం వాడబోయేది కోబో అనే ఉచిత పరికరం. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఓపెన్ డేటా కిట్ అనే ప్రోగ్రాం మీద దీన్ని కట్టారు. తుపాన్లు, యుద్ధాలు వచ్చిన చోట్ల సహాయ సంస్థలు ఇలాంటివే వాడతాయి. ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు. సిగ్నల్ లేని కొండ మీద కూడా నింపవచ్చు, కిందికొచ్చాక పంపవచ్చు. తేదీ, సమయం, స్థలం దానంతట అదే పడుతుంది. రెండెకరాల రైతుకు పొరపాటున 200 అని కొడితే ఆపుతుంది.

రెండు ఊళ్లలో చేసి చూసినప్పుడు మేము పడ్డ తిప్పలు చెబితే మీకు పని తగ్గుతుంది. దిగుబడి ఎంత అంటే "పాతిక బస్తాలు" అంటారు. ఏ బస్తా? ఇంటి బస్తా 80 కిలోలు, సర్కారు గోనె 40 కిలోలు, ఇంకొకరు 75 అంటారు. పెద్దవాళ్లు కుంచాల్లో, పుట్లలో చెబుతారు, ఒక ఊరి కుంచం ఇంకో ఊరిది కాదు. మొదటి ఊళ్లో ఇది గమనించక సగం ఫారాలు పనికిరాకుండా పోయాయి. ఇప్పుడు "ఎన్ని బస్తాలు" పక్కనే "బస్తాకు ఎన్ని కిలోలు" అన్న ప్రశ్న ఉంది. మిల్లు దగ్గర తరుగు పేరుతో బస్తాకు ఎంత కోశారన్నది వేరే ప్రశ్న, దాన్ని ఇందులో కలపొద్దు.

"అప్పు ఎంత?" అని నేరుగా అడిగితే "అందరికీ ఉన్నట్టే" అంటారు. బ్యాంకులో ఎంత, సొసైటీలో ఎంత, డ్వాక్రాలో ఎంత, ఎరువుల షాపులో ఎంత, బంగారం మీద ఎంత, చేబదులు ఎంత, వడ్డీ నూటికి నెలకెంత, ఇలా ఒక్కొక్కటీ అడగాలి. ఆడవాళ్లను విడిగా అడగండి, డ్వాక్రా అప్పు మగవాళ్లకు గుర్తుండదు. సున్నాకూ ఖాళీకీ తేడా ఉంది. అప్పు లేదంటే సున్నా, చెప్పకపోతే "చెప్పలేదు" అని నొక్కాలి. చెప్పని అప్పును సున్నాగా రాస్తే ఊరంతా సుఖంగా ఉన్నట్టు తేలుతుంది!

ఎవరి ఇంటికి వెళ్లాలి? ఇదే అసలు పరీక్ష. మన సంఘం సభ్యుల ఇళ్లకే వెళితే మనకు కావలసిన జవాబులే వస్తాయి. అలాంటి లెక్కను ఏ అధికారైనా రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తాడు. ఊళ్లో 200 ఇళ్లుంటే, 40 ఇళ్లు కావాలంటే, మొదట వీధి వరసన ఇళ్ల జాబితా రాయండి. దళితవాడను, చివర కట్టిన పాకలను వదలొద్దు. ఒకటి నుంచి ఐదు వరకు చీటీలు వేసి ఒకటి తీయండి. మూడు వస్తే మూడో ఇల్లు, ఎనిమిదో ఇల్లు, పదమూడో ఇల్లు, అలా ప్రతి ఐదో ఇల్లు. ఆ ఇల్లు మన సంఘాన్ని తిట్టే ఇల్లయినా సరే, కూర్చుని అడిగి రావాలి. తాళం ఉంటే మళ్లీ వెళ్లాలి. పక్కింటివాళ్లను అడిగి నింపితే అది సర్వే కాదు.

విశ్లేషణ అంటే భయపడకండి. ముగ్గురు కుర్రాళ్లు ఆ పని చేస్తారు, మామూలు ఎక్సెల్ చాలు. మీరు తెలుసుకోవలసింది ఒకటి ఉంది. వీధిలో పది మంది రైతులున్నారనుకుందాం. తొమ్మిది మందికి ఎకరం చొప్పున, ఒకరికి 21 ఎకరాలు. సగటు మూడెకరాలు. అంటే ఆ వీధిలో అందరూ మూడెకరాల ఆసాములన్నమాట! అందరినీ వరసగా నిలబెట్టి నడుమనున్నవాణ్ణి చూస్తే ఎకరమే. అందుకే సగటుతోపాటు నడిమి అంకె కూడా చెప్పాలి. సొంత సాగు వేరుగా, కౌలు వేరుగా, పల్లం వేరుగా, గరువు వేరుగా విడదీసి చూడాలి. కాలువ ఎగువ, శివారు కూడా. వంశధార కాలువలో నీళ్లు వదిలిన తేదీ పేపర్లో వస్తుంది. మన శివారు మడికి ఆ నీళ్లు చేరిన తేదీ ఎక్కడా రాదు. తోటపల్లి కింద, మడ్డువలస కింద, గొట్టా కింద ఊరికి ఒకరు చొప్పున నీళ్లొచ్చిన రోజు ఫోన్‌లో ఎక్కిస్తే, ఒక సీజన్‌లో మ్యాపు తయారవుతుంది. ఎక్కడ ఆగాయో వేలు పెట్టి చూపించవచ్చు.

ధర సంగతి. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ వాడే సాగు ఖర్చు లెక్కలు 1970-71 నుంచి వస్తున్న ఒక పథకం కింద ఎంపిక చేసిన రైతుల ఇళ్ల నుంచి సేకరిస్తారు. 2024-25లో వరి క్వింటాలుకు చేతి ఖర్చు, ఇంటి మనుషుల శ్రమ కలిపి 1,533 రూపాయలు. సొంత భూమికి కౌలు, పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే 2,008. మొదటి అంకెకు సగం కలిపి 2,300 మద్దతు ధర ఇచ్చారు. మనం అడిగేది రెండోదానికి సగం కలపమని, అంటే 3,012. తేడా క్వింటాలుకు 712. ఎకరానికి 20 బస్తాలు, అంటే 16 క్వింటాళ్లు పండించిన రైతుకు 11,392 రూపాయలు. ఇది మీకు తెలిసిన వాదనే. చేతి ఖర్చులో కౌలు కూడా ఉంటుంది, అయితే అది నిజంగా కట్టినవాళ్లది మాత్రమే. సొంత భూమి వాళ్లతో కలిపి సగటు తీసేసరికి అది పలచబడిపోతుంది. పంట పండినా పండకపోయినా బస్తాలు కొలిచి ఇచ్చే మన కౌలుదారు ఖర్చు ఎంతో ఆ అంకెలో కనపడదు. అది చూపించాలంటే కౌలు రైతుల ఖర్చు మనం విడిగా తీయాలి. విత్తనం, దమ్ము, ఉభాలు, కలుపు, ఎరువు, మందు, కోత మిషను, రవాణా, ఇంటి మనుషుల రోజులు, అన్నీ. నూర్పులైన రెండు వారాల్లోపే అడగాలి. సంక్రాంతి దాటితే ఖర్చులు మర్చిపోతారు.

ఒక హెచ్చరిక. మనకు నచ్చని జవాబులు వస్తాయి. మేము చేసిన ఊళ్లలో ఒకచోట కౌలు ఎక్కువగా గుంజుతున్నది మన సంఘంలోనే ఉన్న ఒక ఆసామి అని తేలింది. బృందంలో ఇద్దరు ఆ ఫారం తీసేద్దామన్నారు. తీయలేదు. ఒక్క ఫారం మార్చినా మిగతావన్నీ అబద్ధమైపోతాయి. ఫారాలు ఎవరూ దిద్దకుండా, మొదట వచ్చినది వచ్చినట్టు ఒక కాపీ వేరుగా పెడుతున్నాం.

ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. ఎవరి ఆధార్ నంబరూ అడగొద్దు. పాస్‌బుక్ ఫోటో తీయొద్దు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, ఎదుటివారి అంగీకారం లేకుండా వివరాలు తీసుకోకూడదు. చట్టం లేకపోయినా ఇది మన బాధ్యత. ఫలానావాడికి ఎరువుల షాపులో ఎంత బాకీ ఉందో ఊళ్లో తెలిస్తే అతనికి రేపు ఎరువు పుట్టదు. కౌలుదారు పేరు బయటపడితే చేను పోతుంది. అందుకే పేరు ఒక పుస్తకంలో, జవాబులు కంప్యూటర్‌లో, రెంటికీ మధ్య ఒక నంబరు మాత్రమే. పుస్తకం జిల్లా కమిటీ దగ్గర తాళంలో ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో ఫారం ఫోటో పెట్టినవాళ్లను సర్వే నుంచి తప్పిస్తాం. ఇందులో మొహమాటం లేదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఎన్ని బృందాలు వచ్చాయో కవిటి, వజ్రపుకొత్తూరు వాళ్లను అడగండి. నెత్తురు తీసుకున్నారు, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. పలాసలో 2023 డిసెంబరులో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి, మంచిదే. మా నెత్తురులో ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదన్న మాట మాత్రం చాలా ఇళ్లలో వినిపిస్తుంది. మనం ఆ పని చేయొద్దు. సర్వే చేసిన నెల రోజుల్లో ఆ ఊరి లెక్కను ఊరి సభలో చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు. మేము రెండో ఊళ్లో చదివినప్పుడు "మా ఊళ్లో అన్ని బోర్లు ఎక్కడివి బావూ" అని ఒకాయన లేచారు. చూస్తే ఎండిపోయిన బోర్లు కూడా కలిపేశాం.

ఇప్పుడు టీ తర్వాత మండలాల వారీగా కూర్చుందాం. ఫోన్‌లో ఫారం ఎక్కించుకోని వాళ్లు వెనక బల్ల దగ్గరికి రండి. భామిని, సీతంపేట, కురుపాం వైపు వెళ్లేవాళ్లతో సవర తెలిసిన మనిషి ఒకరు ఉంటారు. మిగతా బృందాలు ఈ సాయంత్రం పక్క ఊళ్లో ఐదు ఇళ్ల చొప్పున నింపుకుని రావాలి, రాత్రి భోజనాల ముందు ఆ ఫారాలు తెర మీద వేసి తప్పులు చూద్దాం. పంట కోత ప్రయోగాలకు వెళ్లేవాళ్లకు 30 మీటర్ల టేపు, తూనిక స్ప్రింగు సంఘం తరఫున ఇస్తున్నాం, సంతకం పెట్టి తీసుకోండి.